దత్తతయు, బిడ్డల రక్షణయు: బీదకుటుంబములకు న్యాయసహాయము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ సభలో నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, భారతమునుండియో భాగవతమునుండియో ఒక ఘట్టము చెప్పుదునని అందరును తలంచియుందురు. ఇన్నేండ్లుగా ఈ అరుగుమీద నేను చేయుచున్న పని అదియే. కాని కొంతకాలముగా మన పఠనమందిరమునకు పత్రిక చదువుటకు గాక, తమ చేతిలోని కాగితమును చదివించుకొనుటకు వచ్చువారు హెచ్చుచున్నారు. నేను ఊరి లెక్కలు వ్రాయువాడను గనుక పొలము కాగితములు, పన్ను రసీదులు నాకు క్రొత్త గావు. అయితే వానితోపాటు బిడ్డలకు సంబంధించిన కాగితములును వచ్చుచున్నవి. పొలము కాగితములో తప్పు దొరలినచో సరిచేయించుటకు మార్గములు పెక్కు గలవు. బిడ్డ కాగితములో కాలము మించిపోయినచో సరిచేయుట మిక్కిలి కష్టము. అందుచేత నేడు ఈ విషయమే చెప్పదలచితిని.

గుణదలలో ఈ మాట చెప్పుట అసందర్భము గాదు. 1924లో మన కొండమీద మరియమాత విగ్రహమును ప్రతిష్ఠించిన ఫాదర్ ఆర్లాటిగారు ఆనాడు ఇచ్చటి అనాథబాలుర ఆశ్రమమునకు పెద్దగా నుండిరి. ఇక మన గుణదల స్టేషనుకు తరువాతి స్టేషను బెజవాడ జంక్షను. ఇల్లు విడిచిన పిల్లవాడు ఏ దిక్కున రైలెక్కినను ఏదో యొకనాడు ఆ ప్లాటుఫారముమీద దిగును. అట్టి పిల్లలకొరకే 1989లో విజయవాడయందు నవజీవన్ బాలభవన్ ఏర్పడెను. ఇట్లు అనాథబాలుడన్న మాట మన యూరికి నూరేండ్లనుండి పరిచితము. అయితే ఆ పిల్లలలో చాలమంది అనాథలు గారు. తల్లియో తండ్రియో ఎచ్చటనో ఉన్నవారు. ఆ తల్లిదండ్రుల పక్షమున మాటలాడువారెవరు అన్నదే నా ప్రశ్న.

ఇది క్రొత్త ప్రశ్న గాదు. ఐతరేయ బ్రాహ్మణములో శునశ్శేపుని కథ కలదు. అజీగర్తుడను బీద బ్రాహ్మణుడు ఆకలిచే మాడుచుండగా హరిశ్చంద్రుని కుమారుడు వచ్చి, నూరు గోవులిత్తును, నీ కొడుకులలో నొకని నిమ్మని యడిగెను. పెద్దవానిని తండ్రి ఇయ్యడాయెను. చిన్నదానిని విడువనని తల్లి పట్టుకొన్నట్లు కడపటి బిడ్డను తల్లి పట్టుకొనెను. నడిమివాడు శునశ్శేపుడు అమ్ముడుపోయెను. యజ్ఞశాలలో యూపమునకు కట్టబడిన ఆ బాలుని పక్షమున ఒక్కడును నోరు విప్పలేదు. వాడే దేవతల నొక్కరొక్కరినే ప్రార్థించి బంధవిముక్తుడాయెను. తరువాత విశ్వామిత్రుడు వానిని కుమారునిగా స్వీకరించెను. అజీగర్తుడు తిరిగివచ్చి బిడ్డ నాదియనగా శునశ్శేపుడు పొమ్మనెను. పండితులు ఈ కథను మంత్రమహిమకు చెప్పుదురు. నాకు మాత్రము అది బీదవాడు బిడ్డను పోగొట్టుకొనిన కథగానే తోచును. అజీగర్తుడు చేసినది పాపమే. కాని ఆ నూరు గోవులు ఆకలివేళ వచ్చినవనియు మరువరాదు. మనువును దత్తపుత్రుని లక్షణము చెప్పునప్పుడు ఆపత్కాలమున తల్లియో తండ్రియో ఇచ్చినవాడని చెప్పినాడు. ఆపద యున్నచోట ఇచ్చువాని సమ్మతి ఎంతవరకు సమ్మతి? ఈ సందేహము శాస్త్రకారులకును కలిగియుండునని నా ఊహ.

కాని మనదేశమున న్యాయస్థానములు దత్తతనుగూర్చి ఏండ్లతరబడి విచారించినది ఈ సందేహమును గాదు, ఆస్తిని. దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. కృష్ణకు ఆవలియొడ్డున అమరావతి సంస్థానమును పాలించిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారికి ఔరస సంతానము లేదు. ఆయన ముందు జగన్నాథబాబును, తరువాత రామనాథబాబును దత్తత తీసికొనెను. 1816లో ఆయన గతించిన పిదప ఇరుపక్షముల వ్యాజ్యము ఏండ్లమీద ఏండ్లు సాగి, తుదకు లండనులోని ప్రివీ కౌన్సిలునకు పోయెను. మొదటి దత్తుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదని వారు తీర్పు చెప్పునాటికి పందొమ్మిదవ శతాబ్ది నడుమ భాగము వచ్చెను. వకీళ్లు బాగుపడిరి. మరల 1899లో మన తెలుగువారే యగు బాలుసువారి వ్యాజ్యములో, ఏకైక పుత్రుని దత్తత ఇచ్చినను చెల్లునని అదే కౌన్సిలు నిర్ణయించెను. ఈ తీర్పులలో దాయాదుల హక్కు, విధవ హక్కు, పిండప్రదానము అన్నియు గలవు. ఆ పసివాడు ఏ యింట సుఖముగా నుండునన్న విచారము మాత్రము నాకు కనబడలేదు. బీదవాని బిడ్డకు ఆస్తి లేదు గనుక వాని దత్తత ఏ కోర్టుకును రానేలేదు.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టము వచ్చెను. ఆడపిల్లనుగూడ దత్తత తీసికొనవచ్చునని అప్పుడు స్థిరపడినది. ఆ చట్టము నేటికిని అమలులో నున్నది. దాని ప్రకారము బిడ్డను ఇచ్చు అధికారము తల్లిదండ్రులదే; ఒకరు ఇయ్యవలెనన్న రెండవవారి సమ్మతి కావలెను. 2010లో చేసిన సవరణచే ఈ విషయమున తల్లికి తండ్రితో సమానమైన హక్కు కలిగెను. బిడ్డకు సామాన్యముగా పదునైదేండ్లు నిండియుండరాదు. ఇచ్చుట, పుచ్చుకొనుట నిజముగా జరుగవలెను. దత్తహోమము తప్పనిసరి గాదు. ఒకసారి విధిగా జరిగిన దత్తతను ఎవరును రద్దుచేయజాలరు. పదునేడవ సెక్షను చదువుడు: దత్తతకు ప్రతిఫలముగా సొమ్ము ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు నేరము. అజీగర్తుని నూరు గోవులకు ఇన్ని యుగముల తరువాత శాసనములో జవాబు వచ్చినది.

ఆ చట్టము హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు మాత్రమే. మన యూరి క్రైస్తవ సోదరులును, ముస్లిము సోదరులును ఆనాడు బిడ్డను పెంచుకొనదలచినచో 1890 నాటి గార్డియను చట్టము క్రింద సంరక్షకులు కాగలిగిరేగాని తల్లిదండ్రులు కాలేకపోయిరి. బాలల న్యాయచట్టము వచ్చిన తరువాత ఆ అడ్డు తొలగెను. ఏ మతమువారైనను దాని క్రింద దత్తత తీసికొనవచ్చునని 2014లో సుప్రీంకోర్టును స్పష్టము చేసినది. ఇప్పుడు నడచుచున్నది 2015లో చేయబడి, 2016 జనవరిలో అమలులోనికి వచ్చిన చట్టము. 2022 సెప్టెంబరునుండి దీని క్రింది దత్తత ఉత్తరువును కోర్టుకు బదులు జిల్లా కలెక్టరే ఇచ్చుచున్నారు. అనాథ శిశువులను, విడువబడిన శిశువులను శిశుగృహములనుండి కోరువారు కేంద్రమునందలి 'కారా' సంస్థయొద్ద పేరు నమోదు చేసికొని తమ వంతుకై వేచియుండవలెను. ఏండ్లు పట్టును. ఈ ఏండ్లు పట్టుటయే దళారికి అవకాశము.

మనకు సమీపగ్రామమునుండి ఇద్దరు దంపతులు ఒక కాగితము పట్టుకొని నాయొద్దకు వచ్చిరి. పండ్రెండేండ్లు సంతానమునకై తిరిగినవారు. ఒక మధ్యవర్తి నమ్మబలికి, పురిటిబిడ్డను చేతిలో పెట్టి, నూరు రూపాయల స్టాంపు కాగితముమీద ఇంత వ్రాసి, నోటరీ ముద్ర వేయించి ఇచ్చెను. బిడ్డకు మూడేండ్లు వచ్చి బడిలో చేర్పింపబోగా పుట్టుక పత్రమెక్కడ అన్న ప్రశ్న పుట్టెను. "కరణంగారూ, దీనిమీద సర్కారు ముద్ర ఉన్నది గదా, సరిపోదా?" అని ఆ తల్లి యడిగినది. అమ్మా, ముద్ర కాగితము విలువకేగాని బిడ్డకు గాదని ఎట్లు చెప్పుదును? కన్నతల్లి యెవరో వీరికి తెలియదు; ఇచ్చుట, పుచ్చుకొనుట జరుగలేదు; సొమ్ము చేతులు మారినది. విధి తప్పి అట్టి బిడ్డను దత్తత పేర ఇచ్చినను, పుచ్చుకొనినను మూడేండ్లవరకు ఖైదో, లక్ష రూపాయల జుల్మానాయో, రెండునో పడవచ్చును. బిడ్డల క్రయవిక్రయమునకైతే అయిదేండ్లవరకు కఠినశిక్ష. ఆసుపత్రివారే అందులో నుండినచో మూడేండ్లకు తగ్గక ఏడేండ్లవరకు. ఆ దంపతులను న్యాయవాదియొద్దకు పంపితిని. ప్రస్తుతము బిడ్డ శిశుగృహములో నున్నది. వ్యవహారము తేలలేదు. వారు ప్రతి వారమును పోయి గేటుయొద్ద నిలిచి వచ్చుచున్నారు. మూడేండ్లకు ముందే ఆ న్యాయవాదిని అడిగియుండినచో ఎంత బాగుండెడిది!

దీనికి రెండవ ప్రక్క గలదు. 1999లోను, మరల 2001లోను ఉమ్మడి ఆంధ్రప్రదేశమున లంబాడా తండాలనుండి ఆడశిశువులను కొలది వేల రూపాయలకు కొని, దత్తత పేర విదేశములకు పంపు వ్యాపారము బయటపడెను. తల్లులు వేలిముద్ర వేసిన అంగీకారపత్రములు దస్త్రములలో లేకపోలేదు. ఆ తల్లులకు తాము వేలిముద్ర వేసిన కాగితములో ఏమున్నదో చదివి చెప్పినవాడు లేడు. అంతకుముందే 1984లో లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యములో సుప్రీంకోర్టు విదేశ దత్తతలకు కట్టుబాట్లు విధించియుండెను. కట్టుబాట్లు ఢిల్లీలో నుండెను, తల్లులు దేవరకొండ గుట్టలలో నుండిరి. ఈ అపకీర్తి పిమ్మటనే మన ప్రభుత్వము బిడ్డలను విడిచిపెట్టు పద్ధతిని కట్టుదిట్టము చేసినది.

ఇక నేటి చట్టము ఏమి చెప్పుచున్నదో కొంచెము నిదానముగా వినుడు. రక్షణ అవసరమైన బిడ్డ పోలీసువారికో, 1098 సహాయవాణివారికో దొరికినచో ఇరువదినాలుగు గంటలలో, ప్రయాణకాలము మినహాయించి, బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలెను. సమితిలో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. వారిలో ఒకరైనను స్త్రీ. ఆ సమితికి మేజిస్ట్రేటునకున్న అధికారములు గలవు. బిడ్డ యింటి పరిస్థితిని సాంఘిక కార్యకర్త విచారించి పదునైదు దినములలో నివేదిక ఇయ్యవలెను. సమితి నాలుగు మాసములలో విచారణ ముగింపవలెను. కన్నవారు బిడ్డను తామే అప్పగించదలచినచో అదియు సమితి యెదుటనే జరుగవలెను. ముందు వారికి నచ్చజెప్పి చూడవలెను. పత్రము వ్రాసిన తరువాత కూడ మనసు మార్చుకొనుటకు రెండు మాసములు గడువు గలదు. దీనిని మీరు ఇంటికి పోయి నలుగురికి చెప్పవలెను. రెండు మాసములు! ఈ గడువు సంగతి తెలియక ఊరకుండినవారిని, తెలిసినను ఎక్కడికి పోవలెనో తెలియనివారిని నేను చూచితిని. బిడ్డ విడువబడినదని తోచినచో కన్నవారికై పత్రికలో ప్రకటన వేయుదురు. మన చందాదారులు ఆ ప్రకటనలను తిరుగవేయక ఒకసారి చూచిన మేలు. సమితి ఉత్తరువు నచ్చనివారికి ముప్పది దినములలో అప్పీలు గలదు.

మరియొకటి. అదే చట్టములో మూలసూత్రములని కొన్ని వ్రాయబడియున్నవి. బిడ్డను పెంచు ప్రథమ బాధ్యత కన్నకుటుంబముది. ఆశ్రమములో ఉంచుట కడపటి ఉపాయము. వీలైనంతలో ఇంటికే చేర్పవలెను. బీదరికముచే బిడ్డను దూరము చేసికొనక తప్పదనుకొను తల్లికి ఈ మూడు మాటలు చెప్పువాడు కావలెను.

రామవరప్పాడు దిక్కునుండి ఒక యమ్మ వచ్చినది. భర్త లేడు. టిఫిను దుకాణములో పాత్రలు తోముకొని బ్రతుకుచున్నది. ఇద్దరు మగపిల్లలను చదువునిమిత్తము ఒక ఆశ్రమములో చేర్చినది. చిన్నవాడు అచ్చటనుండి పారిపోయి రైల్వేస్టేషనులో దొరికెను, సమితికి తెచ్చిరి. ఆమెకు నోటీసు వచ్చినది. ఇంతలో ఆ ఆశ్రమమువారు ఇంగ్లీషు కాగితమొకటి చూపి, సంతకము పెట్టుము, ఇద్దరును బాగుపడుదురని చెప్పిరట. ఆమె పెట్టక, కొంగున ముడివేసి మన గ్రంథాలయమునకు తెచ్చినది. చదివితిని. బిడ్డలపై తనకు ఏ హక్కును లేదని వ్రాసియున్నది.

"బాబుగారూ, నేను చదివించలేను గాని, కాదనుకొనలేదండీ" అని ఆమె అన్నది. ఈ ఒక్క వాక్యమును నోటీసునకు జవాబుగా వ్రాయింపవలసియుండెను. కాని జవాబు వ్రాయు అధికారము నాకు లేదు. అందుచేత ఆమెను విజయవాడ కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవా సంఘమునకు తీసికొనిపోతిమి. ఒక న్యాయవాదిని ఉచితముగా ఏర్పరచిరి. సమితి యెదుట బయట వ్రాసిన కాగితమునకు విలువ లేదని ఆయన మొదటనే చెప్పెను. సాంఘిక కార్యకర్త ఇంటికి వచ్చి చూచెను. ఇల్లనగా ఒక గది. మూడు మాసములకు చిన్నవాడు తల్లియొద్దకు వచ్చెను. పెద్దవాడును వచ్చి సర్కారుబడిలో చేరెను. మిషన్ వాత్సల్య పథకము క్రింద విధవరాలైన తల్లికి బిడ్డకు నెలకు 4000 రూపాయలవంతున సహాయము గలదు. వార్షికాదాయము పల్లెలలో 72,000, పట్టణములలో 96,000 రూపాయలు మించరాదు. దరఖాస్తు పెట్టించితిమి. ఆశ్రమములో చేర్చినప్పుడే ఈ పథకము మాట ఆమెకు ఎవరైన చెప్పియుండినచో పిల్లవాడు స్టేషనుకు పోనక్కరలేకపోయెడిది.

ఉచిత న్యాయవాదియనగానే దయాదాక్షిణ్యమని కొందరు తలంతురు. కాదు. 1976లో రాజ్యాంగమున 39-ఎ అధికరణము చేర్చబడెను. 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము చేయబడి 1995 నవంబరులో అమలులోనికి వచ్చెను. దాని పండ్రెండవ సెక్షను ప్రకారము స్త్రీకిని, బాలునికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయవాది దొరకును. షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు కూడ అట్లే. తక్కిన పురుషులకు మాత్రము ఆదాయ పరిమితి కలదు. ఇంగ్లండులో 1989 నాటి బాలల చట్టము క్రింద ప్రభుత్వము బిడ్డను తీసికొనుటకు కోర్టుకెక్కినచో, తండ్రి యైనను తల్లి యైనను, ధనికులైనను, వారికి సర్కారు ఖర్చుతో వకీలు నియమింపబడును. తండ్రికి మన చట్టము కొంచెము తక్కువే చేసినదని నా అభిప్రాయము. కాని తల్లికి ఇచ్చినది తక్కువ గాదు. చిక్కు ఎక్కడనగా, అడుగవలెను. అడుగనిదే రాదు. మచిలీపట్నములో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. ఇచ్చట మండల సంఘము కలదు. 15100 అను అంకెకు ఫోను చేసినను దారి చెప్పుదురు.

ఆలస్యమైనచో ఏమగునో కేరళములో చూచితిమి. 2020లో ఒక యువతి కనిన బిడ్డను ఆమె తల్లిదండ్రులే తీసికొని శిశుసంక్షేమ సంస్థకు అప్పగించిరి. తాను సమ్మతింపలేదని ఆమె మొరపెట్టుకొనెను. ఆ మొర నలుగురి చెవిని పడునాటికి బిడ్డ దత్తతకు ముందు పెంపకమునకై మన ఆంధ్రదేశమునందలి దంపతులకు చేరియుండెను. 2021 నవంబరులో బిడ్డను తిరిగి తెప్పించి, డి.ఎన్.ఎ. పరీక్ష చేయించి, న్యాయస్థానము కన్నతల్లికి ఇచ్చెను. తల్లికి న్యాయము జరిగినది. కాని విధిగా దరఖాస్తు పెట్టి, వరుసలో నిలిచి, ఏ తప్పును చేయని ఈ తెలుగు దంపతుల యిల్లు ఒక్కరోజులో బోసిపోయినది. కన్నతల్లి మాట మొదటి వారములోనే ఒక న్యాయవాది నోట వినబడియుండినచో ఈ రెండవ యింటివారికి ఆ దుఃఖమే కలుగకుండెడిది. పేదకన్నవారికిచ్చు న్యాయసహాయము పెంచుకొనువారికిని రక్ష యనుట ఇందుచేతనే.

కన్నవారికి ఎల్లప్పుడును బిడ్డ నీయవలెనని నా వాదము గాదు. కొట్టి హింసించు తండ్రులు గలరు; త్రాగి బిడ్డను పనికి అమ్మువారు గలరు. కర్ణుని యేటిపాలు చేసినది కన్నతల్లి; పెంచినది సూతుని భార్య రాధ. రాధేయుడను పేరు వానికి ఎందుకు నిలిచెనో మీకు నేను చెప్పనక్కరలేదు. అట్టి సందర్భములలో సమితి బిడ్డ మేలే చూడవలెను. నేననునదెల్ల, ఆ నిర్ణయము చేయునప్పుడు తల్లిదండ్రుల మాటయు, మాటలాడు వయసున్నచో బిడ్డ మాటయు వినబడవలెననియే.

మన గ్రంథాలయము చేయగలిగిన పని యేమి? 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు కాలువపై పడవలో పుస్తకములు పెట్టి ఊరూర తిప్పిరి. మనము పడవ తిప్పనక్కరలేదు. కార్యవర్గమువారు నా ప్రార్థన మన్నించి 1956 నాటి దత్తత చట్టమును, 2015 నాటి బాలల న్యాయచట్టమును తెలుగులో తెప్పించి రెండవ బీరువాలో ఉంచినారు. 1098, 15100 అంకెలు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించినారు. ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు నేను ఇచ్చట ఉందును. ఎవరు ఏ కాగితము తెచ్చినను చదివి అర్థము చెప్పుదును. జవాబు మాత్రము న్యాయవాదిచేతనే వ్రాయింపవలెను. నోటీసు వచ్చిన తేదీగల కవరును పారవేయక వెంట తీసికొనిరండు. ఆ రెండు పుస్తకములును బయటికి ఇయ్యబడవు. ఇచ్చటనే కూర్చుండి చదువుకొనవచ్చును.